రెండు నీలాల పడవ

మా పడవకి కుడి పక్క ఒక నీలం, ఎడమ పక్క ఇంకో నీలం ఉండేది. సరదాకి వేసిన రంగులు కావవి. అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే ఏమవుతుందో నలుగురికీ చూపించడానికి వేసినట్టుండేవి.

ఎండాకాలం మొదట్లో పడవని నీళ్ళలోంచి తీసి, యార్డులో దుంగల మీద నిలబెట్టి, అడుగు గీకి రంగు వెయ్యడం ఏటా ఉండే పనే. ఆ ఏడు ఒక ఆదివారం మా ఆయన ఒక్కడే వెళ్ళి కుడి పక్క గీకి, రంగు వేసి వచ్చాడు. "సగం పడవ నాది. సగానికి వేశాను" అన్నాడు కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. మరుసటి ఆదివారం మా మరిది వెళ్ళి ఎడమ పక్కకి వేసి వచ్చాడు. ఏ నీలమని అన్నని అడగడానికి ఇతనికి నామోషీ. మిగిలిన డబ్బా తమ్ముడి కోసం అక్కడ వదలడానికి ఆయనకి నామోషీ. పడవని మళ్ళీ నీళ్ళలోకి దించే రోజున క్రేన్ నడిపే అతను ఆ పక్కకెళ్ళి చూశాడు, ఈ పక్కకొచ్చి చూశాడు. "ఇది ఒక పడవేనా అమ్మా, రెండా" అని నన్నే అడిగాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "ఒకటే బాబూ, దించు" అన్నాను.

పడవంటే చిన్న పడవ కాదు. అలాగని ధనవంతుల షోకుల ఓడా కాదు. లోపల రెండు గదులు, ఒక మూల వంటకి స్టవ్వు, సింకు, బయట కూర్చోవడానికి బల్లలు, మధ్యలో పొడుగాటి స్తంభం, దానికి రెండు తెరచాపలు. సముద్రం మీద రెండు మూడు రోజుల ప్రయాణం హాయిగా చెయ్యొచ్చు. మా ఆయన వడ్రంగి. తలుపులూ అల్మారాలూ చేస్తాడు. మరిది ఎలక్ట్రీషియన్. ఎవరో విసిగిపోయి వదిలేసిన దాన్ని ఇద్దరూ కలిసి కొని, చెక్కపని అన్న, వైర్ల పని తమ్ముడు చూసుకుని దాన్ని మనిషిని చేశారు. తెరచాపలు చిరిగితే నేనూ మా తోడికోడలూ కుట్టేవాళ్ళం. మాది కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే కొట్టు. రెండు మిషన్లు ఎదురెదురుగా వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ పిల్లా నేనూ కూర్చునేవాళ్ళం.

మరి గొడవ ఎక్కడొచ్చిందంటే, జెట్టీ దగ్గర వచ్చింది. అంతకుముందేడు ఆఖరి ప్రయాణం నుంచి తిరిగొస్తున్నాం. గాలి పక్కనుంచి తోస్తోంది. మా ఆయన చుక్కాని దగ్గర ఉన్నాడు. మరిది తాడు పట్టుకుని జెట్టీ మీదికి దూకాడు. అలాంటి గాలిలో వెనక తాడు ముందు కట్టాలి. అతను ముందువైపు తాడు ముందు కట్టాడు. ఇంకేముంది, మెడకి పలుపు వేసిన దూడలాగా పడవ గిర్రున తిరిగి, వెనక భాగంతో పక్కవాళ్ళ పడవని బర్రున గీకేసింది. జెట్టీ నిండా జనం. మా ఆయన నోరు జారాడు. "నీ చేతికి తాడిస్తే ఇంతేరా. బల్బులు మార్చడం తప్ప నీకేం చేతనవును?"

మరిది తాడు అక్కడే పడేశాడు. "అన్నీ చేతనైనవాడివి, నువ్వొక్కడివే నడుపుకో" అన్నాడు. అంతే. అవే ఆఖరి మాటలు.

పదేళ్ళ కుర్రాళ్ళయితే సాయంత్రానికి కలిసిపోదురు. వీళ్ళిద్దరికీ నెరిసిన జుట్లు. చలికాలమంతా ఉలుకూ పలుకూ లేదు. ఒకే ఇల్లు మాది. కింద మేము, పైన వాళ్ళు, మా అత్తయ్య ఎక్కడ కబుర్లు బావుంటే అక్కడ. మెట్ల మీద ఎదురైతే ఒకడు గోడకి తిరిగి ఫ్యూజుల డబ్బా చూసేవాడు, ఇంకొకడు వంగి చెప్పు సర్దుకునేవాడు. మధ్యలో నేను దొరికాను. "మీ మరిదికి చెప్పు, మోటారు వేసి మర్చిపోయాడని." "అన్నయ్యకి చెప్పు వదినా, నేను వెయ్యలేదని." మూడడుగుల దూరంలో నిలబడి మరీ చెప్పించేవాళ్ళు. నేను టెలిఫోను తీగలాగా ఇటు తిరిగి అటు తిరిగి నా మెడ పట్టేసింది.

పడవని వారాలు పంచుకున్నారు. ఒక వారం అన్నది, ఒక వారం తమ్ముడిది. వారం మారేటప్పుడు చూడాలి ఆ భాగోతం. మా ఆయన తాళ్ళన్నీ గుండ్రంగా చుట్టి మేకులకి తగిలించి వచ్చేవాడు. మరిది వెళ్ళి అన్నీ విప్పి, ఎనిమిది అంకెలాగా మళ్ళీ చుట్టేవాడు. స్టవ్వు పక్కన గిన్నెలు బోర్లా పెట్టేది ఒకడు, వెల్లకిలా పెట్టేది ఒకడు. మరిది ఎక్కడ చూసినా నల్ల టేపు ముక్కలు అంటించేవాడు, ఎలక్ట్రీషియన్ బుద్ధి. తన వారం రాగానే మా ఆయన వాటిని గోళ్ళతో గీకి, "చెత్త" అని పారేసేవాడు. చెప్పొద్దూ, నాకు ఒక్కోసారి నవ్వొచ్చేది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో మా తోడికోడలు మిషన్ ఆపేసి కూర్చుంది. కుట్టేది ఎవరిదో పెళ్ళివారి కర్టెను. సూది దాంట్లోనే దిగి ఉంది.

"ఏమైందే?" అన్నాను.

"అక్కా, పడవ అమ్మేద్దామనుకుంటున్నారు."

"ఎవరు?"

"ఇద్దరూను. బావగారు అత్తయ్యతో అన్నారట, అత్తయ్య ఈయనతో అన్నారు, ఈయన సరే అన్నారు. ఎండాకాలం అయిపోయాక ఎవరో పళ్ళ డాక్టరు కొంటానని వచ్చి చూస్తాడట."

"పోనీలే. పీడ పోతుంది" అన్నాను. నిజంగానే అనుకున్నాను అలా.

ఆ పిల్ల తల దించుకుంది. "పడవ పోయాక మేం కూడా వెళ్ళిపోతాం అక్కా. ఊరికి ఆ చివర ఇల్లు చూశారు. ఇంక కలిసి ఉండటానికి ఏముంది అంటున్నారు. అక్కడ్నించి ఈ కొట్టుకి రావాలంటే రెండు బస్సులు మారాలి. ఈయన అక్కడే ఏదైనా చూసుకోమంటున్నారు."

నాకు తోబుట్టువులు లేరు. ఆ పిల్ల కాపురానికి వచ్చిన రోజున నా కన్నా జానెడు పొట్టి, మాట్లాడితే కళ్ళు టపటపలాడించేది. మిషన్ తొక్కడం నేనే నేర్పాను. ఇప్పుడు కొలత నేను చెప్పకముందే గుడ్డ కత్తిరించేస్తుంది. నాకు జ్వరం వస్తే పైనుంచి గిన్నె పట్టుకుని దిగేది ఆ పిల్లే, మా ఆయన కాదు. పడవ పోతే పోయింది. ఈ పిల్ల పోతే నేనెవరితో మాట్లాడను? ఎదురుగా మిషన్ ఖాళీగా ఉంటే నేనెలా కూర్చోను?

"మీ ఆయనకి చెప్పవే, వెళ్ళనని" అన్నాను.

"నువ్వు చెప్పావా బావగారికి, అమ్మొద్దని?"

చెప్పాను. ఆ రాత్రే చెప్పాను. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని అంతా విని, "వెళ్ళేవాణ్ణి కాళ్ళు పట్టుకుని ఆపనా?" అని అటు తిరిగి పడుకున్నాడు. పడుకున్నాడే గానీ నిద్ర పోలేదు. నాకు తెలుసు, ఆయనకి నిద్ర పడితే గురక వస్తుంది.

అలా ఒక్కో వారమూ కరిగిపోయింది. పడవలో అన్నకి తమ్ముడు లేడు, తమ్ముడికి అన్న లేడు. నేనో, ఆ పిల్లో సాయం వెళ్ళేవాళ్ళం. మా ఆయన వారంలో గది తలుపు పాడైందని కొత్తది చేసి, పడవలోనే చిత్రిక పట్టి బిగించాడు. "ఎలా ఉంది?" అన్నాడు. నాకెందుకు, చూపించాలనుకున్న మనిషికి చూపించొచ్చుగా అనుకున్నాను. మరిది తన వారంలో మంచినీళ్ళ ట్యాంకుకి కొత్త మోటారు బిగించాడు. కుళాయి తిప్పితే చాలు, ధారగా నీళ్ళొస్తున్నాయి. "ఎలా ఉంది వదినా?" అన్నాడు అతనూ. ఇద్దరికీ ఒకే రకం మొహం, ఒకే రకం ప్రశ్న.

అప్పుడు మా అత్తయ్య అడ్డం తిరిగింది.

ఆవిడ పడవ కొన్ననాటి నుంచీ దాంట్లో కాలు పెట్టలేదు. సముద్రంతో పరాచికాలేంటని ఆవిడ ఉద్దేశం. ఒకరోజు అందరం వినేలా మెట్ల మధ్యలో, అంటే సరిగ్గా పైకీ కిందికీ మధ్యలో, కూర్చుని చెప్పింది. "పడవ అమ్మేస్తారట కదా. అమ్మే ముందు నన్నొకసారి అవతలి లంకలో మా అక్క దగ్గరికి తీసుకెళ్ళండి. దానికి మోకాళ్ళ నొప్పులు, రాలేదు."

"నా వారంలో తీసుకెళ్తానమ్మా" అన్నాడు మా ఆయన కిందనుంచి.

"నా వారం ముందొస్తుంది" అన్నాడు మరిది పైనుంచి, గోడకి చెప్పినట్టు.

"వారాలు మీకు. నాకు కాదు" అంది అత్తయ్య. "నేను కన్నది ఇద్దర్ని. ఇద్దరూ ఉంటేనే ఎక్కుతాను. ఒకడితో ఎక్కి మునిగిపోతే రెండోవాడు జన్మంతా నన్ను సాధిస్తాడు."

ఆవిడ మాటకి లాజిక్కు వెతకడం మేం ఎప్పుడో మానేశాం. కాదనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

బయల్దేరిన పొద్దున ఆకాశం తేటగా ఉంది, గాలి చక్కగా ఉంది, మనుషులే బాగాలేరు. పడవలో అయిదుగురం. అత్తయ్య లైఫ్ జాకెట్టు చీర మీద బిగించుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. మా ఆయన చుక్కాని పట్టుకున్నాడు. మరిది ముందు వైపు స్తంభం దగ్గర నిలబడ్డాడు. మధ్యలో షరా మామూలే, నేను.

"తెరచాప ఎత్తమను" అన్నాడు మా ఆయన.

"ఎత్తమంటున్నారు" అన్నాను.

"గాలికి ఎదురు తిప్పితే ఎత్తుతానని చెప్పు" అన్నాడు మరిది.

"తిప్పాలట."

"తిప్పాను. కళ్ళు కనబడటం లేదా అని అడుగు."

"అది నేనడగను, మీరే అడుక్కోండి" అన్నాను. ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. తెరచాప మాత్రం లేచింది.

ఇల్లయితే ఈ వేషాలు చెల్లుతాయి. సముద్రం మీద మాట ఆలస్యమైతే ప్రమాదం. ఒకసారి పడవని అవతలి వైపుకి తిప్పాం. అలా తిప్పినప్పుడు తెరచాప కింద ఉండే అడ్డకర్ర ఈ పక్కనుంచి ఆ పక్కకి విసురుగా కొట్టుకొస్తుంది. తిప్పేవాడు ముందుగా అరిచి చెప్పాలి. మా ఆయన నాకు చెప్పాడు. నేను మరిదికి చెప్పేలోపు కర్ర వచ్చేసింది. మా తోడికోడలు అతని చొక్కా పట్టుకుని కిందికి లాగబట్టి సరిపోయింది. జుట్టు మీదుగా వెళ్ళింది. అప్పుడైనా మా ఆయన ఒరేయ్ అంటాడేమోనని చూశాను. నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు.

లంక కనబడుతోంది గానీ ఇంకా చాలా దూరం ఉంది. ఎండ ఎక్కువైందని అత్తయ్య లోపలికి వెళ్ళి పడుకుంటానంది. మెట్లు దిగింది. కాసేపటికి లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది, నిదానంగా, వంటింట్లోంచి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినట్టు.

"పెద్దమ్మాయ్, ఈ పడవలో నీళ్ళు లోపల కూడా ఉంటాయా?"

నేను తొంగి చూశాను. నేల మీద పరిచిన చెక్కల సందుల్లోంచి నీళ్ళు పైకి ఉబికి, పడవ వాలినప్పుడల్లా ఒక పక్కకి పారుతున్నాయి. అత్తయ్య చెప్పు ఒకటి తేలుతోంది.

"ఏమండీ, నీళ్ళు" అన్నాను.

మా ఆయన చుక్కాని నా చేతిలో పెట్టి ఒక్క ఉదుటున దిగాడు. ముందువైపు నుంచి మరిది ఎలా వచ్చాడో తెలియదు, అతనూ దిగాడు. అత్తయ్యని పైకి పంపించారు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని చెక్కలు ఎత్తేశారు. కింద గుంట నిండా నీళ్ళు, నల్లగా, ఊగుతూ. ఆ నీళ్ళు బయటికి తోడే మోటారు ఒకటి ఉంటుంది, దానంతటదే పనిచెయ్యాలి. అది గుర్రుగుర్రుమంటోంది గానీ చుక్క బయటికి పోవడం లేదు. మా ఆయన ఇంజను ఇరుసు బయటికి వెళ్ళే చోట చెయ్యి పెట్టి తడుముతున్నాడు. మరిది పడవ అడుగున ఉండే వాల్వులు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. ఎవడి అనుమానం వాడిది. మాట మాత్రం లేదు. ఆ నీళ్ళ చప్పుడూ, ఆ ఇద్దరి ఊపిరి చప్పుడూ నాకు పైకి వినిపిస్తున్నాయి.

ఒడ్డు చాలా దూరం. అత్తయ్యకి ఈత రాదు. మా తోడికోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏం లేదత్తయ్యా, కాస్త కారుతోందంతే" అంటోంది. నేను చుక్కాని పట్టుకుని నిలబడ్డాను. ఈ నలుగురిలో ఏ ఒక్కరికి ఏమైనా నేను బతకను అనిపించింది. ఆ క్షణంలో నాకు పడవ మీదా, అమ్మకం మీదా, ఇల్లు మారడం మీదా దేని మీదా ధ్యాస లేదు.

పడవ వాళ్ళు ముందు నేర్చుకునే విషయం ఒకటుంది. అడుగున నీళ్ళు కనబడితే ముందుగా నాలిక మీద వేసుకుని చూడాలి. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వచ్చేస్తోందని అర్థం. ఉప్పు లేకపోతే మన ట్యాంకు నీళ్ళే కారుతున్నాయని అర్థం. కంగారులో ఇద్దరికీ అది తట్టలేదు. ముందు మా ఆయనకి తట్టింది. ఇరుసు దగ్గర్నుంచి చెయ్యి తీసి, ఆ నల్లటి నీళ్ళలో వేళ్ళు ముంచి, నోట్లో పెట్టుకున్నాడు.

మరిది బిగించడం ఆపేశాడు. అన్న మొహంలోకి చూస్తున్నాడు.

"అన్నయ్యా, ఉప్పా?"

మా ఆయన మళ్ళీ వేళ్ళు ముంచి మళ్ళీ చూశాడు.

"కాదురా. మంచినీళ్ళే."

మరిది తనూ ఒక చుక్క నోట్లో వేసుకున్నాడు. "డీజిలు వాసనేస్తోంది" అన్నాడు.

"అది ఎప్పుడూ ఉండేదే. ఉప్పు లేదుగా?"

"లేదు."

మరిది లేచి గోడ మీద ఒక స్విచ్చి కట్టేశాడు. అప్పటిదాకా వినబడుతున్న చప్పుళ్ళలో ఒకటి ఆగిపోయింది. కుళాయి మోటారు. అది పనిగట్టుకుని ట్యాంకు ట్యాంకంతా తెచ్చి మా పడవ అడుగున పోస్తోంది. సింకు కింద కుళాయి గొట్టం ఊడిపోయి వేలాడుతోంది.

బల్ల మీద కూలబడ్డాను. హమ్మయ్య అని పైకే అన్నాను. మా తోడికోడలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. నేనూ అంతే. చుక్కాని మాట మర్చిపోయాను. పడవ గాలికి ఎదురు తిరిగిపోయి తెరచాప టపటపా కొట్టుకుంది. లోపల్నించి ఇద్దరూ ఒకేసారి, ఒకే గొంతుతో నా మీద అరిచారు. "చుక్కాని చూడు." "చుక్కాని చూడు వదినా." అంత తియ్యగా ఎవరూ నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

ఆ తర్వాత లోపల మొదలైంది.

"ఆ స్విచ్చి మీద టేపు వేశాను. ఎవరు తీశారు?"

"నేనే తీశాను. పడవంతా టేపులేగా, అదొకటని తీశాను. పొద్దున స్విచ్చీ నేనే వేశాను."

"కొత్త మోటారు జోరుకి పాత క్లిప్పు ఆగదు, క్లిప్పు మార్చేదాకా ఎవరూ వెయ్యకూడదని వేశాను ఆ టేపు."

"వేస్తే నాకు చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను? మాట్లాడితే కదా."

"అమ్మతో చెప్పించొచ్చుగా. మీ వదినతో చెప్పించొచ్చుగా. మోటారు వేసి మర్చిపోయావని నీకు చెప్పించలేదూ నేను?"

"సరే, నాది తప్పు. మరి నీళ్ళు తోడే మోటారు ఎందుకు తోడలేదో చూడు." అంటూ మరిది గుంటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. నానిపోయిన చెక్క పొట్టు. చిత్రిక పట్టిన పొట్టు. "ఇదెవరిదో చెప్పు. నాదా? నేనేమైనా తలుపులు చేశానా?"

మా ఆయన ఆ పొట్టు చూశాడు. "ఊడ్చాననుకున్నాను" అన్నాడు.

"ఊడ్చావు. కిందికి ఊడ్చావు."

"నీకు టేపులేసే చోట నోరుంటే..."

"నీకు చీపురు పట్టే చోట కళ్ళుంటే..."

అలా ఒకటి కాదు, చలికాలం నుంచీ దాచుకున్నవన్నీ బయటికి తీశారు. తాళ్ళు ఎలా చుట్టాలో, గిన్నెలు ఎలా బోర్లించాలో, ఎవరు రంగు డబ్బా దాచారో. మధ్యలో ఒకడు బకెట్టుతో తోడి ఇస్తుంటే ఇంకొకడు అందుకుని బయటికి పారబోస్తున్నాడు. తిట్టుకుంటున్నారు, అందుకుంటున్నారు. "బల్బులు మార్చేవాణ్ణి అన్నావు అందరి ముందూ" అన్నాడు మరిది ఒకసారి. బకెట్టు ఆగింది. "అన్నాను" అన్నాడు మా ఆయన. "అనకూడదు. అనేశాను. ఆ కొత్త మోటారు బావుందిరా, కుళాయి భలే వస్తోంది." మళ్ళీ బకెట్టు కదిలింది.

పైన మేం ముగ్గురం కిక్కురుమనకుండా వింటున్నాం. నేను ఆపబోతానేమోనని అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "అరుచుకోనీవే" అంది. "ఈ గోల విని ఎన్నాళ్ళయిందో."

లంక చేరేసరికి పడవలో తాగడానికి గుక్కెడు నీళ్ళు లేవు. అక్కడ జెట్టీ చిన్నది. మా ఆయన మెల్లగా దగ్గరికి తెచ్చాడు. మరిది తాడు పట్టుకుని దూకాడు. దూకి, ఏ మూడ్‌లో ఉన్నాడో ఏమో, మళ్ళీ ముందు తాడే ముందు కట్టాడు. పడవ మళ్ళీ గిర్రున తిరిగింది. పక్కన వేరే పడవ లేదు గనక బతికాం. మా ఆయన కాలు అడ్డం పెట్టి జెట్టీని తన్ని ఆపుకున్నాడు. "ఒరేయ్..." అన్నాడు. అని ఆగిపోయాడు.

అత్తయ్య సంచీ సర్దుకుంటూ, "ఏరా, ఆగావేం? తిట్టు" అంది.

మా ఆయనకి నవ్వు ఆగలేదు. మరిది జెట్టీ మీద కూర్చుండిపోయి నవ్వాడు. వాళ్ళ పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ ఎదురొచ్చి, వీళ్ళెందుకు నవ్వుతున్నారని అడిగింది. "నీళ్ళ కోసం వచ్చాం అక్కా, మా దగ్గర అయిపోయాయి" అంది మా అత్తయ్య.

అయినా నాకు భయం పూర్తిగా పోలేదు. నవ్వుకున్నంత మాత్రాన ఇల్లు మారడం ఆగుతుందా? ఇంటికొచ్చాక అడుగుదామనుకున్నాను. కొట్లో ఆ పిల్ల ఎదురుగా కూర్చుని కుడుతుంటే, ప్రశ్న గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. అవునంటే ఏం చెయ్యాలో తెలియక అడగలేదు. అడగనంత కాలం వెళ్ళనట్టే కదా అని నా పిచ్చి ధైర్యం.

పళ్ళ డాక్టరు చెప్పిన రోజుకి చెప్పినట్టు వచ్చాడు. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. అన్నదమ్ములిద్దరూ చేతులు కట్టుకుని పక్కపక్కనే నిలబడ్డారు. ఆయన పడవ చుట్టూ తిరిగి, వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి చూశాడు, పన్ను తట్టినట్టే. లోపలికి దిగాడు, కుళాయి తిప్పాడు, కొత్త తలుపు తీసి వేసి చూశాడు. నచ్చినట్టే ఉంది మొహం చూస్తే.

"ఎప్పుడైనా లోపలికి నీళ్ళు వచ్చాయా?" అని అడిగాడు.

"వచ్చాయండి" అన్నారు ఇద్దరూ.

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "ఎక్కువేనా?"

"పాదాల దాకా" అన్నాడు మా ఆయన.

"మోకాళ్ళ దాకా అన్నయ్యా" అన్నాడు మరిది.

"అవునవును, మోకాళ్ళ దాకా. మా అమ్మ చెప్పులు తేలాయి."

"చాలా భయపడ్డాం" అన్నాడు మరిది బాధగా తల ఊపుతూ. ఏ నీళ్ళో మాత్రం ఇద్దరిలో ఒక్కడూ చెప్పలేదు. డాక్టరు కూడా అడగలేదు. ఆలోచించుకుని కబురు చేస్తానని జెట్టీ మీద కాస్త వేగంగానే నడిచి వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా ఆగి, "మోకాళ్ళ దాకా ఎక్కడొచ్చాయిరా?" అన్నాడు మా ఆయన. "కూర్చున్నాం కదా మోకాళ్ళ మీద" అన్నాడు మరిది. ఇద్దరూ లోపలికి దిగి ఏదో విప్పడం మొదలుపెట్టారు.

నేనూ మా తోడికోడలూ జెట్టీ అంచున కూర్చున్నాం. ఇంక ఆగలేకపోయాను.

"మరి ఇల్లు మారడం మాటేంటే?" అన్నాను నీళ్ళ వైపు చూస్తూ.

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "అదేంటక్కా, వెళ్ళడం లేదు కదా. ఆ ఇంటివాళ్ళకి వద్దని చెప్పేశాం."

"ఎప్పుడు?"

"లంక నుంచి వచ్చిన మర్నాడే. బావగారే పైకి వచ్చి, ఈయన పక్కన కూర్చుని మరీ ఫోన్ చేయించారు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ మర్నాడు నాకు బాగా గుర్తుంది. మా ఆయన పైనుంచి దిగొచ్చి, కాఫీ చల్లారిపోయిందని విసుక్కుని, పనికి వెళ్ళిపోయాడు. నేనేమో అప్పటి నుంచీ గుండె గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. నెలల తరబడి ఆ ఇంట్లో ఒక్క మాట కూడా నన్ను దాటి వెళ్ళలేదు. ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద మాట, నేను ప్రాణం పెట్టుకున్న మాట, నా పక్కనుంచే మెట్లెక్కి వెళ్ళిపోయింది. నాకు చెప్పాలని ఆయనకి తోచనే లేదు. తమ్ముడితో చెప్పాడుగా, ఇంట్లో అందరికీ చెప్పినట్టే అనుకుని ఉంటాడు.

కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను కూడా. రాలేదు. ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని, లోపల వాళ్ళిద్దరూ స్క్రూ ఎటు తిప్పాలో వాదించుకోవడం వింటూ కూర్చున్నాను.